యోసెమిటీలో మొదటిసారి క్యాంపింగ్: ఐదు నిమిషాల్లో సైట్లన్నీ అయిపోయాయి, ఇప్పుడేం చేయాలి?

కొత్త_గుడారం
మొన్న ఆదివారం, మార్చి 15, పొద్దున 7 కాకముందే కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కు బుకింగ్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయ్యి కూర్చున్నాను. జూలై 15 నుంచి ఆగస్టు 14 వరకు సైట్లు, అంటే టెంట్ వేసుకునే చోట్లు, ఆ రోజే బుకింగ్‌కి తెరుస్తారని ముందే తెలుసు. 7 కొట్టగానే అప్పర్ పైన్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఒక సైట్ మీద నొక్కాను. నొక్కేలోపు పోయింది. ఇంకోటి, అదీ పోయింది. లోయర్ పైన్స్, నార్త్ పైన్స్ అన్నీ ఇంతే. 7:05కి ఒక్కటీ మిగల్లేదు. మా ఆవిడ పక్క లాప్‌టాప్‌లో ప్రయత్నించింది, తనకీ దొరకలేదు.

ప్లాన్ ఇది. జూలై 18 నుంచి తొమ్మిది రోజులు. రెండు కుటుంబాలు, పెద్దవాళ్లం నలుగురం, పిల్లలు ముగ్గురు (4, 7, 11 ఏళ్లు), ఇండియా నుంచి వస్తున్న మా అత్తగారు, మామగారు. ఫ్రెస్నోలో ఫ్లైట్ దిగి వ్యాన్ తీసుకుంటాం. యోసెమిటీ మూడు రాత్రులు, సెకోయా రెండు, డెత్ వ్యాలీ రెండు, మిగతాది దారిలో ఎక్కడైనా. అన్ని రాత్రులూ టెంట్లలోనే. మాలో ఎవరూ ఇంతకుముందు టెంట్‌లో పడుకోలేదు.

పిల్లలకి చెప్పేశాను, రోజూ అడుగుతున్నారు. ఇప్పుడు సైట్ లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సియెర్రా_సుబ్బు
జూలైలో డెత్ వ్యాలీ, అదీ టెంట్‌లో, అదీ పెద్దవాళ్లతో, నాలుగేళ్ల పాపతో. వద్దు. సైట్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు అది ప్లాన్‌లోంచి తీసేయండి.

కొత్త_గుడారం
పాప కాదండీ, బాబు. రాత్రిళ్లు చల్లబడుతుంది కదా, ఎడారి కదా అనుకున్నాం.

సియెర్రా_సుబ్బు
చాలామంది అలాగే అనుకుంటారు. అక్కడ ఫర్నెస్ క్రీక్ అనే ఊరు సముద్రమట్టం కన్నా కిందే ఉంటుంది. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నె లాంటి లోయ. పగలు పట్టిన వేడి బయటికి పోదు. జూలైలో రాత్రి కూడా 90 ఫారన్‌హీట్ కిందికి దిగని రోజులు మామూలే. 1913 జూలై 10న 134 డిగ్రీలు నమోదైంది అక్కడే. ఆ ఊరు చూడాలంటే డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి. అప్పుడు టెంట్ వేసుకుంటే స్వర్గం.

రేణుక_కెమెరా
సుబ్బు గారి మాటే నాది కూడా. ఇంకోటి, తొమ్మిది రోజుల్లో మూడు పార్కులు టెంట్లతో అంటే, మూడుసార్లు విప్పాలి, మూడుసార్లు వేయాలి. కొత్తవాళ్లకి మొదటిసారి టెంట్ వేయడానికే గంట పడుతుంది. తొమ్మిది మంది సామాను సర్దడానికి ఒక పూట. మీ సెలవంతా వ్యాన్ డిక్కీ దగ్గరే గడిచిపోతుంది.

ఓపిక_లేదు
నేను ఒప్పుకోను. అంత దూరం ఫ్లైట్ ఖర్చు పెట్టుకుని వచ్చి ఒకే చోట కూర్చుంటే ఎలా? మేం ఏడు రోజుల్లో ఐదు పార్కులు చూశాం.

రేణుక_కెమెరా
@ఓపిక_లేదు టెంట్లలోనా, హోటళ్లలోనా?

ఓపిక_లేదు
హోటళ్లు. అది నిజమే, తేడా ఉంది. కానీ సెకోయా మాత్రం వదలొద్దు. జనరల్ షెర్మన్ చెట్టు 275 అడుగుల ఎత్తు. పరిమాణంలో ప్రపంచంలోనే అన్నిటికన్నా పెద్ద చెట్టు. మా అమ్మాయి దాని కింద నిలబడి పది నిమిషాలు నోరు తెరవలేదు. ఇంట్లో పది సెకన్లు కూడా ఆగదు.

పైన్‌కాయ
అసలు ప్రశ్నకి వద్దాం, సైట్ ఎలా దొరుకుతుంది. నాకు మూడేళ్లలో రెండుసార్లు క్యాన్సిలేషన్‌లోనే దొరికింది.

సైట్ ఎవరైనా కార్ట్‌లో వేసుకుంటే 15 నిమిషాలు వాళ్లకే ఉంటుంది. డబ్బు కట్టకపోతే తిరిగి వస్తుంది. కాబట్టి 7:05కి మూసేసి వెళ్లిపోకూడదు, 7:15 నుంచి 7:25 దాకా చూస్తూనే ఉండాలి. ఇది వచ్చేసారికి.

ఇప్పటికి: రిజర్వేషన్ వెబ్‌సైట్‌లోనే మీ తేదీలకి అలర్ట్ పెట్టుకోండి. క్యాన్సిల్ చేసుకుంటే పోయేది పది డాలర్లు, అందుకని జనం ముందు బుక్ చేసేసి తర్వాత వదిలేస్తుంటారు. ట్రిప్‌కి రెండు మూడు వారాల ముందు ఎక్కువ వదులుతారు. మూడు రాత్రులూ ఒకే సైట్‌లో కావాలని పట్టు పట్టకండి. ఒక రాత్రి ఇక్కడ, రెండు రాత్రులు పక్క లూప్‌లో (క్యాంప్‌గ్రౌండ్‌లోనే ఇంకో వరుసలో) అయినా తీసుకోండి. వీకెండ్ వదిలి ఆదివారం నుంచి గురువారం చూడండి.

ఇంకోటి, పైన ఎత్తులో ఉన్న చిన్న క్యాంప్‌గ్రౌండ్లు కొన్నిటికి బుకింగ్ రెండు వారాల ముందే తెరుస్తారు. వాటి మీద కూడా కన్నేసి ఉంచండి.

మంట_మాష్టారు
లెక్క ఎవరూ గమనించలేదు. వాళ్లు తొమ్మిది మంది. ఒక సైట్‌కి ఆరుగురే, పిల్లలు కూడా లెక్కలోకి వస్తారు. కాబట్టి రెండు సైట్లు కావాలి. పక్కపక్కనే దొరకాలని చూస్తే ఇక దొరికినట్టే. ఒకే క్యాంప్‌గ్రౌండ్‌లో ఉంటే చాలు, నడిచి వెళ్లొచ్చు.

కొత్త_గుడారం
అమ్మో, ఆరుగురే అన్నది చూడనే లేదు. చిన్నపిల్లలు లెక్కలోకి రారనుకున్నాను.

వసంత_లక్ష్మి
అత్తగారిని, మామగారిని టెంట్‌లో పడుకోబెట్టడం గురించి ఒక్క మాట. వాళ్ల వయసెంత? మోకాళ్లెలా ఉన్నాయి? మా అమ్మని తీసుకెళ్లాం. పగలు చాలా సంతోషంగా ఉంది. రాత్రి రెండింటికి బాత్రూమ్‌కి లేవాలంటే నేల మీంచి లేవలేకపోయింది. జిప్ తీసి, వంగి, చీకట్లో చెప్పులు వెతుక్కుని... పాపం మమ్మల్ని లేపడం ఇష్టంలేక తెల్లారేదాకా అలాగే ఉంది. పొద్దున ఆ సంగతి తెలిసి నాకు ఏడుపొచ్చింది.

కొత్త_గుడారం
మామగారికి 68, అత్తగారికి 64. ఆవిడకి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఇది మాకు తట్టనే లేదు వసంత గారూ, చెప్పి మంచి పని చేశారు.

సియెర్రా_సుబ్బు
వాళ్లకి హౌస్‌కీపింగ్ క్యాంప్ చూడండి. యోసెమిటీ లోయలోనే, మెర్సెడ్ నది పక్కన. మూడు వైపులా కాంక్రీట్ గోడలు, పైన కాన్వాస్, లోపల మంచాలు. వండుకోవచ్చు కూడా. కరీ విలేజ్‌లో కాన్వాస్ క్యాబిన్లు ఉన్నాయి, వాటిల్లోనూ మంచాలుంటాయి, కానీ అక్కడ వంట కుదరదు. మీరు పైన్స్‌లో టెంట్, వాళ్లు అక్కడ. ఉచిత షటిల్ బస్సు తిరుగుతుంటుంది.

తూర్పు_తీరం
మీ అత్తగారు, మామగారు విజిటర్ వీసా మీద వస్తున్నారు కదా, ఎంట్రీ ఫీజు కూడా లెక్కలో వేసుకోండి. 2026 జనవరి 1 నుంచి రూల్ మారింది. ఇక్కడ ఉంటున్నవాళ్లకి ఏడాది పాస్ 80 డాలర్లే, బయటి దేశాలవాళ్లకి 250. పాస్ లేకపోతే 11 పెద్ద పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనం. యోసెమిటీ, సెకోయా రెండూ ఆ 11లో ఉన్నాయి. కారులో ఎవరెవరికి ఏ పాస్ వర్తిస్తుందో బయల్దేరే ముందే పార్కు వెబ్‌సైట్‌లో చదివి పెట్టుకోండి. మీ ఐడీలు, వాళ్ల పాస్‌పోర్టులు చేతికందేలా ఉంచుకోండి.

ఓపిక_లేదు
ఎలుగుబంట్ల కోసం బేర్ స్ప్రే (వాటి మీద కొట్టే కారం స్ప్రే) తీసుకెళ్లండి. మనిషికొకటి.

పైన్‌కాయ
ఆగండి ఆగండి. యోసెమిటీలో బేర్ స్ప్రే నిషేధం. మీరు చెప్పేది ఎల్లోస్టోన్ పార్కు సంగతి. అక్కడ గ్రిజ్లీ ఎలుగుబంట్లు ఉన్నాయి, అందరూ నడుముకి తగిలించుకునే తిరుగుతారు. యోసెమిటీలో ఉన్నవన్నీ నల్ల ఎలుగుబంట్లే. వాటికి మనతో పని లేదు, మన తిండితోనే పని. పైగా స్ప్రేని ఫ్లైట్‌లో చేతి బ్యాగ్‌లోనే కాదు, చెక్-ఇన్‌లోనూ ఒప్పుకోరు.

ఓపిక_లేదు
సారీ. నేను చూసింది ఎల్లోస్టోనే. అన్ని చోట్లా ఒకటే అనుకున్నా.

మంట_మాష్టారు
ఫ్లైట్ మాట వచ్చింది కాబట్టి, స్టవ్ గ్యాస్ డబ్బాలు కూడా ఫ్లైట్‌లో కుదరవు. స్టవ్‌ని శుభ్రంగా తుడిచి తెచ్చుకోండి, గ్యాస్ ఫ్రెస్నోలో కొనుక్కోండి. పెట్రోల్ కూడా లోయలోకి దిగేముందే ఫుల్ చేయించండి. యోసెమిటీ లోయలో బంకు లేదు.

నిద్రలేని_నక్క
ఎలుగుబంటి సంగతి నేను చెప్తాను, ఎందుకంటే తప్పు చేసింది మేమే.

ప్రతి సైట్‌లో ఒక ఇనుప పెట్టె ఉంటుంది, గోధుమరంగుది. వాసన వచ్చేది ఏదైనా అందులో పెట్టాలి. తిండి మాత్రమే అనుకున్నాం. కూరగాయలు, బ్రెడ్, పాలు అన్నీ పెట్టాం. బాబు కార్ సీట్ సందులో పడిపోయిన గ్రనోలా బార్ ముక్కలు మాత్రం మర్చిపోయాం. రాత్రి ఒంటిగంటకి డబడబా చప్పుడు. పక్క సైట్ ఆయన గిన్నెలు కొడుతూ అరుస్తున్నాడు. టార్చ్ వేస్తే మా కారు వెనక తలుపు పైభాగం బయటికి వంగి ఉంది. అరటిపండు తొక్క వలిచినట్టు వంచేసింది. అది మమ్మల్ని చూసి, ఏ తొందరా లేకుండా నడుచుకుంటూ వెళ్లిపోయింది.

పొద్దున పార్కు రేంజర్ వచ్చి, తిట్టలేదు. ఒక్క మాటే అన్నాడు. మనిషి తిండికి అలవాటుపడిన ఎలుగుబంటిని చివరికి చంపాల్సి వస్తుంది అని. కారు రిపేర్ అయిపోయింది, ఆ మాట మాత్రం మర్చిపోలేకపోతున్నాం.

కాబట్టి టూత్‌పేస్ట్, సబ్బు, సన్‌స్క్రీన్, లిప్ బామ్, పిల్లల వెట్ వైప్స్, ఖాళీ కూలర్, చెత్త సంచీ, అన్నీ పెట్టెలోకే. చీకటి పడ్డాక కారులో ఏమీ ఉండకూడదు. అది రూల్ కూడా.

వసంత_లక్ష్మి
ఆవకాయ సీసా కూడానా?

నిద్రలేని_నక్క
అందరికన్నా ముందు అదే పెట్టాలి అక్కా. దాని వాసన మనకే అర మైలు నుంచి తెలుస్తుంది.

పైన్‌కాయ
పెట్టె కొలతలు రాసుకోండి: 33 అంగుళాల లోతు, 45 వెడల్పు, 18 ఎత్తు. ఎత్తు ఒకటిన్నర అడుగే. పెద్ద చక్రాల కూలర్లు నిలువుగా పట్టవు. మేం ఒకసారి పట్టక, అందులోదంతా బయటికి తీసి సంచుల్లో సర్దాం. కొనేముందు టేపు పెట్టి కొలవండి.

కొత్త_గుడారం
అన్నీ రాసుకుంటున్నాను. చలి సంగతి ఏంటి? జూలై కదా, దుప్పట్లు సరిపోతాయా? స్లీపింగ్ బ్యాగ్ మీద "20 డిగ్రీలు" అని రాసి ఉంది, అది సరిపోతుందా?

రేణుక_కెమెరా
యోసెమిటీ లోయ నాలుగు వేల అడుగుల ఎత్తు, జూలై రాత్రులు ఫారన్‌హీట్‌లో యాభైల్లో ఉంటాయి. హాయిగా ఉంటుంది. టయోగా రోడ్ మీద టోలుమ్ని మెడోస్ దాకా వెళ్తే 8,600 అడుగులు. అక్కడ అదే జూలైలో నలభై లోపు కూడా పడుతుంది. ఒకే పార్కు, రెండు వాతావరణాలు. ఎక్కడ సైట్ దొరికిందో దాన్ని బట్టి సర్దుకోండి.

బ్యాగ్ మీద రాసిన 20 (అదీ ఫారన్‌హీటే) అంటే ఆ చలిలో హాయిగా నిద్రపడుతుందని కాదు. చాలా బ్యాగ్‌ల మీద రాసేది కింది హద్దు, అంటే ముడుచుకుని ఎలాగో రాత్రి గడపగలిగే చలి. లోపల లేబుల్ మీద "కంఫర్ట్" అని ఇంకో అంకె ఉంటుంది, అది సుమారు పది డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. చలికి తట్టుకోలేనివాళ్లకి అదే చూడండి.

మంట_మాష్టారు
దానికన్నా ముఖ్యం కింద వేసుకునే ప్యాడ్. చలి పైనుంచి కాదు, నేల నుంచి వస్తుంది. మన బరువుకి స్లీపింగ్ బ్యాగ్ కింది వైపు నలిగి పల్చబడిపోతుంది, అక్కడ గాలి ఉండదు, వెచ్చదనం ఉండదు. మామూలు గాలి పరుపు ఇంకా ఘోరం, లోపలి గాలంతా నేలతో పాటు చల్లబడుతుంది. ప్యాడ్ మీద ఆర్-వాల్యూ అని రాసి ఉంటుంది, నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె అది. మూడు పైన ఉన్నది తీసుకుంటే వేసవికి బెంగలేదు. మీ బడ్జెట్‌లో ఒక్కదానికే ఎక్కువ ఖర్చు పెట్టగలిగితే ప్యాడ్ మీద పెట్టండి, టెంట్ మీద కాదు.

ఓపిక_లేదు
టెంట్ మీద కూడా పెట్టాలి మాష్టారూ. వానొస్తే?

మంట_మాష్టారు
వానకి పైకప్పు గుడ్డ సరిగ్గా లాగి కట్టడం వస్తే చాలు, మామూలు టెంట్ ఆగుతుంది. ఖరీదైన టెంట్ వదులుగా కడితే కారుతుంది. సైజు మాత్రం చూసుకోండి. నలుగురి టెంట్ అని రాస్తే నలుగురు ఒకరినొకరు ఒరుసుకుని పడుకునే చోటు. బ్యాగ్‌లు పెట్టడానికి ఉండదు. నలుగురికి ఆరుగురిది కొనండి. ఇంకా ఒకటి, చలేసిందని టెంట్‌లోకి స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఎంత చలేసినా వద్దు.

తూర్పు_తీరం
వంట గురించి ఒక చిన్న అనుభవం. టోలుమ్ని ఎత్తులో అన్నం ఉడకదు, ఉడకదు అని మా ఆయన స్టవ్‌ని తిట్టాడు. తప్పు స్టవ్‌ది కాదు. ఎనిమిది వేల అడుగుల పైన నీళ్లు 92 సెంటీగ్రేడ్ దగ్గరే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా అంతకన్నా వేడెక్కవు. బియ్యం ముందే నానబెట్టండి, నీళ్లు కాస్త ఎక్కువ పోయండి, మూత గట్టిగా పెట్టండి. పప్పు జోలికి మాత్రం ప్రెషర్ కుక్కర్ లేకుండా వెళ్లకండి.

కొత్త_గుడారం
చలిమంట వేసుకోవచ్చా? పిల్లలు దానికోసమే ఎదురుచూస్తున్నారు. మా తోడల్లుడు వాళ్లు లాస్ ఏంజెలస్ నుంచి కారులో వస్తున్నారు, వాళ్ల ఇంటి దగ్గర చెట్టు కొట్టించిన కట్టెలు కొన్ని ఉన్నాయంట.

మంట_మాష్టారు
కట్టెలు అక్కడే కొనండి, ఊరి నుంచి తీసుకురావద్దు. బెరడు కింద పురుగులు, గుడ్లు ఉంటాయి, కంటికి కనిపించవు. 2002లో మిషిగన్‌లో బయటపడిన ఎమరాల్డ్ ఆష్ బోరర్ అనే పచ్చ పురుగు ఇలా కట్టెలతోనే రాష్ట్రాలు దాటింది, కోట్ల చెట్లు ఎండిపోయాయి. లోయలో కింద పడిన పుల్లలు ఏరడం కూడా నిషేధం.

వేసవిలో లోయలో మంట సాయంత్రం 5 నుంచి రాత్రి 10 లోపే. ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చివరికి చేత్తో తాకి చూడండి. వేడిగా ఉంటే ఆరలేదన్నట్టే. ఇది పిల్లలకి అప్పజెప్పండి, వాళ్లు పెద్దవాళ్లకన్నా జాగ్రత్తగా చేస్తారు. పది తర్వాత మాటలు కూడా నెమ్మదిగా.

వసంత_లక్ష్మి
పిల్లల మాట వచ్చింది కాబట్టి, జూనియర్ రేంజర్ పుస్తకం తీసుకోండి, విజిటర్ సెంటర్‌లో దొరుకుతుంది. అందులో పనులు పూర్తిచేస్తే రేంజర్ ప్రమాణం చేయించి బ్యాడ్జ్ ఇస్తారు. మా వాడు ఆ బ్యాడ్జ్ స్కూల్ చొక్కాకి నెల రోజులు పెట్టుకున్నాడు.

నది దగ్గర మాత్రం చేయి వదలొద్దు. చూడ్డానికి నెమ్మదిగా ఉంటుంది, అది కరిగిన మంచు నీళ్లు, అడుగున లాగేస్తుంది. వర్నల్ ఫాల్ జలపాతం పైన కంచె దాటి ఫొటో అసలే వద్దు.

రేణుక_కెమెరా
రాత్రి ఆకాశం చూడండి. జూలై 14న అమావాస్య. 18, 19 తేదీల్లో నెలవంక తొందరగానే దిగిపోతుంది, తర్వాత పాలపుంత కనిపిస్తుంది. టార్చ్‌కి ఎర్ర కాగితం చుట్టండి, కళ్లు చీకటికి అలవాటుపడ్డాక తెల్ల లైట్ పడితే మళ్లీ ఇరవై నిమిషాలు ఏమీ కనిపించదు.

కొత్త_గుడారం
అందరితో మాట్లాడి నిర్ణయించాం. డెత్ వ్యాలీ తీసేశాం, చలికాలం చూస్తాం. యోసెమిటీ ఐదు రాత్రులు, సెకోయా రెండు, అంతే. అత్తగారు వాళ్లకి హౌస్‌కీపింగ్ క్యాంప్‌లో ఒక యూనిట్ దొరికింది. మాకు ఇంకా సైట్ లేదు. అలర్ట్‌లు పెట్టాం.

సియెర్రా_సుబ్బు
ఇప్పుడు బాగుంది ప్లాన్. వచ్చే నెలలో ఒక వీకెండ్ ఇంటి దగ్గర ఏదైనా స్టేట్ పార్కులో ఒక్క రాత్రి టెంట్ వేసి చూడండి. అదీ కుదరకపోతే పెరట్లో. ఏది మర్చిపోయారో అక్కడే తెలియాలి. మా మొదటి ట్రిప్‌లో టెంట్ ఉంది, కర్రలు గరాజ్‌లో ఉన్నాయి.

కొత్త_గుడారం
జూన్ 29 అప్‌డేట్: పొద్దున 6:40కి అలర్ట్ మోగింది! అప్పర్ పైన్స్‌లో రెండు రాత్రులు. మధ్యాహ్నం లోయర్ పైన్స్‌లో మూడు. రెండో కుటుంబానికి నార్త్ పైన్స్‌లో నాలుగు, ఒక రాత్రికి మాత్రం ఇంకా చూస్తున్నాం. @పైన్‌కాయ గారూ, ముక్కలు ముక్కలుగా తీసుకోండి అన్న మీ మాటే పనిచేసింది.

పైన్‌కాయ
ఒకే సైట్ కోసం చూస్తుంటే ఇప్పటికీ దొరికేది కాదు. చాలా సంతోషం.

కొత్త_గుడారం
నిన్న రాత్రి ఇంటికి చేరాం. చాలా రాయాలి, ప్రస్తుతానికి ఒక్కటి. మూడో రోజు పొద్దున ఐదున్నరకి నాకు మెలకువ వచ్చింది. నది వైపు నడిస్తే మామగారు అప్పటికే అక్కడ ఒక దుంగ మీద కూర్చుని ఉన్నారు, మంకీ క్యాప్ పెట్టుకుని, చేతిలో స్టీలు గ్లాసు. ఎదురుగా హాఫ్ డోమ్ కొండ వెనక నుంచి వెలుగు మెల్లగా వస్తోంది. గడ్డిలో ఒక జింక, దాని పిల్ల. ఆయన నన్ను చూసి మాట్లాడొద్దని వేలు చూపించి, పక్కన చోటిచ్చారు. పెళ్లయిన పన్నెండేళ్లలో మేమిద్దరం అంతసేపు పక్కపక్కన కూర్చోవడం అదే మొదటిసారి.

ఎలుగుబంటి రాలేదు. ప్రతి రాత్రీ పెట్టె గొళ్లెం మా ఏడేళ్లమ్మాయే చెక్ చేసింది, రెండుసార్లు. చివరి రోజు పొద్దున చిన్న వాన పడింది, హడావిడిగా సర్దుకుని బయల్దేరాం.

నిద్రలేని_నక్క
ఆ అమ్మాయికి నా తరఫున ఒక బ్యాడ్జ్ ఇవ్వండి.

మంట_మాష్టారు
వానలో సర్దారంటే టెంట్ తడిగానే మడిచి ఉంటారు. ఈ రోజే విప్పి గదిలోనైనా పరిచి ఆరబెట్టండి. రెండు రోజులు అలాగే ఉంచితే బూజు పట్టి వాసన పోదు. చలికాలం డెత్ వ్యాలీకి అదే టెంట్ కావాలి కదా.

కొత్త_గుడారం
ఇంకా సంచీలోనే ఉంది. ఇప్పుడే తీస్తున్నాను.